దవడ కీలు సీటీకి వెళ్ళేవారికి తలకిందుల సలహాలు

"ఎక్స్‌రే గదిలో కూర్చుని ఎక్స్‌రే వద్దనే డాక్టర్ని మిమ్మల్నే చూస్తున్నా మేడమ్" అని పోయినేడు ఒకావిడ నా మీద విసుక్కున్నారు. ఆవిడ కూతురికి 24 ఏళ్ళు. ఆవలిస్తే కుడి చెవి ముందు టక్కుమంటోంది, పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉంటోంది. ఎవరో చీటీ మీద ‘దవడ కీలు సీటీ’ అని రాసిచ్చారు. తల్లీకూతుళ్ళు బస్సులో మూడు గంటలు కూర్చుని వచ్చారు. నేను సీటీ తియ్యలేదు.

నేను పళ్ళ డాక్టర్నే. అయితే పళ్ళు పీకడం, సిమెంటు పెట్టడం కాదు. నోటి చుట్టూ ఉన్న ఎముకల ఎక్స్‌రేలూ స్కానింగులూ చదవడం నా పని. ఈ పనిలో నేను చెప్పే సలహాలు చాలావరకు వచ్చినవాళ్ళు అనుకున్నదానికి అడ్డంగా ఉంటాయి. తీయించుకోకండి అంటాను. ఏమీ లేదంటే పూర్తిగా నమ్మకండి అంటాను. అరిగిందంటే బెంగపడకండి అంటాను. తోటి డాక్టర్లలోనూ కొందరు వీటిలో ఒకటి రెండింటికి ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, కారణం వినమంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నొప్పి వచ్చిందని సీటీకి వెళ్ళకండి

చూపుడువేలు చెవి రంధ్రానికి కాస్త ముందు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద గుండ్రంగా కదిలేది కింది దవడ ఎముక తల. మేం కాండైల్ అంటాం. అది పుర్రె అడుగున ఉన్న ఒక గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట పైకప్పు ఎంత పల్చనంటే, దీపానికి ఎదురుగా పెడితే ఎండు పుర్రెలో వెలుతురు కనిపిస్తుంది. దానికి అవతల మెదడే. రెండు ఎముకల మధ్య చిన్న దిండులా ఒక డిస్కు. నోరు కొంచెం తెరిస్తే కాండైల్ ఉన్నచోటే తిరుగుతుంది. బాగా తెరిస్తే గుంటలోంచి ముందుకు జారి, ఎదురుగా ఉన్న ఎముక గట్టు కిందికి వస్తుంది. డిస్కు తన చోటు నుంచి ముందుకు తప్పుకుని ఉంటే, జారేటప్పుడు కాండైల్ మళ్ళీ దాని మీదికి ఎక్కుతుంది. ఆ ఎక్కడమే మీకు టక్కుమని వినిపిస్తుంది.

ఇందులో సీటీ చూపించగలిగేది ఎముకను. డిస్కును చూడాలంటే ఎమ్మారై కావాలి. నమిలే కండరం పట్టేసిందా లేదా అన్నది ఏ సీటీ చెప్పదు. దవడ నొప్పితో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి నొప్పి ఉన్నది ఆ కండరాల్లోనే. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు, పొద్దంతా తెలియకుండానే పళ్ళు బిగించి పని చేసుకునేవాళ్ళు. ఆ అమ్మాయి చెంప మీదా కణత మీదా వేళ్ళతో నొక్కితే "అదే మేడమ్, ఆ నొప్పే" అంది. తన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాయి. పళ్ళు ఎప్పటిలాగే కలుస్తున్నాయి. ఇంత తెలిశాక ఎముక బొమ్మ తీసి అందులో నేను వెతకాల్సింది ఏమీ మిగల్లేదు. కొన్నాళ్ళు మెత్తటి తిండి, చెంపకు వేడి కాపడం, ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద చెయ్యి, పగటిపూట పెదవులు కలిసినా పళ్ళు కలవకుండా ఉంచుకోవడం. 6 వారాలు చూసి రమ్మన్నాను. తల్లికి ఇదంతా వంటింటి వైద్యంలా అనిపించింది. వంటింటి వైద్యంలా ఉన్నంత మాత్రాన తక్కువది కాదు.

టక్కుమనడం వేరు, కిరకిరలాడటం వేరు. నోరు కదిపినంతసేపూ ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు వినిపిస్తే ఎముక గరుకుదేలిందేమోనని అనుమానిస్తాం. అయితే ఆ అనుమానం ఎంత గట్టిది? దవడ కీలు జబ్బులకు ప్రపంచమంతా వాడే నిర్ధారణ పద్ధతి 2014లో అచ్చయింది. దాని లెక్క ప్రకారం, కిరకిరను బట్టి చెబితే ఎముక అరిగినవాళ్ళలో 55 శాతం మంది దొరుకుతారు. అరగనివాళ్ళలో 61 శాతం మందినే సరిగ్గా అరగలేదని తేలుస్తాం. అంటే చెవి, వేలు రెండూ పెట్టినా బొమ్మాబొరుసుకు కాస్త పైన. ఖాయంగా తేల్చాలంటే సీటీయే కావాలని ఆ పద్ధతే చెబుతుంది. తేల్చడం వల్ల మీకు చేసే వైద్యం మారుతుందా అన్నది మాత్రం మీరు మీ డాక్టర్ని నోరు తెరిచి అడగాలి. మారదంటే తీయించుకోకండి.

ఆగకూడని సందర్భాలున్నాయి. గడ్డానికి దెబ్బ తగిలాక పళ్ళు సరిగ్గా కలవకపోతే ఆ రోజే వెళ్ళండి. పిల్లలు గడ్డం మీద పడితే మరీ. చిన్నప్పుడు కాండైల్ విరిగి ఎవరూ గమనించకపోతే కీలు ఎముకతో ఎముక అతుక్కుపోయి నోరు తెరుచుకోని స్థితి రావచ్చు. కొన్ని నెలలుగా ముఖం ఒక పక్కకు పోతున్నా, ముందు పళ్ళు కలవడం మానేసినా, చెవి ముందు గట్టి వాపు పెరుగుతున్నా, పెదవో గడ్డమో మొద్దుబారినా, జ్వరంతో దవడ పట్టేసినా, ఇదివరకు క్యాన్సరు వచ్చి తగ్గినవాళ్ళయినా సీటీ అడగడానికి మొహమాటపడకండి. 50 దాటినవాళ్ళకు కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ అలసిపోవడం, చూపు మసకబారడం కలిసి వస్తే అది కీలు సంగతి కాకపోవచ్చు, కణతలోని రక్తనాళం సంగతి. ఎక్స్‌రే కోసం లైన్లో నిలబడకుండా ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాలి. మెట్లెక్కితే దవడ లాగి, ఆగితే తగ్గిపోతుంటే గుండె డాక్టరు దగ్గరికి.

ఓపీజీలో బాగుందన్న మాట పక్కన పెట్టండి

తల చుట్టూ మిషను తిరిగి పళ్ళన్నీ ఒకే పొడుగాటి బొమ్మలో వచ్చే ఎక్స్‌రే ఓపీజీ. ఫిన్లండ్‌లో పాటెరో అనే పళ్ళ డాక్టరు దశాబ్దాల కిందట రూపుదిద్దిన గొప్ప ఉపాయం అది. పళ్ళన్నీ ఒకేసారి చూడటానికి ఇప్పటికీ దాన్ని మించిన చవకైన చూపు లేదు. దాని రెండు చివర్లా కాండైల్ కూడా కనిపిస్తుంది కాబట్టి "కీలు కూడా బాగుంది" అనేస్తారు. అక్కడే మోసపోతాం. ఓపీజీలో కాండైల్ పక్కవాటుగా, పుర్రె ఎముకల నీడ మీద పడి, సాగి కనిపిస్తుంది.

అమెరికాలో 724 మందికి ఓపీజీ, ఎమ్మారై, సీటీ మూడూ తీసి, ఒకే రకంగా శిక్షణ పొందిన ముగ్గురు రేడియాలజిస్టుల్లో ఇద్దరి చేత విడివిడిగా చదివించారు. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇద్దరు చదివినప్పుడు మాట ఎంత కలిసిందో చెప్పే అంకెను కప్పా అంటారు. అనుకోకుండా కలిసిపోయే భాగాన్ని తీసేసి లెక్కేస్తారు. 1 అయితే పూర్తిగా కలిసినట్టు, 0 అయితే గాలివాటం. కీలు ఎముక అరుగుదల విషయంలో ఓపీజీకి వచ్చింది 0.16. ఎమ్మారైకి 0.46. సీటీకి 0.71. ఇంకోలా చెబితే, జబ్బు ఉందన్న మాట మీద ఇద్దరూ ఏకమైంది ఓపీజీలో 19 శాతం, ఎమ్మారైలో 59 శాతం, సీటీలో 84 శాతం.

అదే పరిశోధనలో డిస్కు తప్పుకుని, నోరు తెరిస్తే మళ్ళీ చోటుకు వస్తోందా అన్న ప్రశ్నకు ఎమ్మారై కప్పా 0.78, నోరు తెరిచినా చోటుకు రావడం లేదా అన్నదానికి 0.94. అంటే ఖరీదైన పరీక్ష, చవకైన పరీక్ష అన్న వరస ఇక్కడ పనికిరాదు. ఎముకను అడగాల్సింది సీటీని, డిస్కును అడగాల్సింది ఎమ్మారైని. "ఎమ్మారై తీయించాం కదా, అంతకన్నా పెద్దదేముంది" అని ఎముక సంగతి వదిలేసిన ఇళ్ళు నాకు తెలుసు.

పెద్ద బొమ్మ అడగకండి, చిన్నది అడగండి

హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీతో మొదటి రోగిని 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో స్కాన్ చేశారు. అది మెదడు బొమ్మ, నిలువుకు 80 గడులు, అడ్డానికి 80 గడులు. ఇవాళ పళ్ళ సెంటర్లలో ఉండే సీబీసీటీ 1990ల చివర్లో ఇటలీలోని వెరోనా నుంచీ, జపాన్ నుంచీ బయటికొచ్చింది. కుర్చీలో కూర్చోబెడితే మిషను తల చుట్టూ ఒక్కసారి తిరిగి కోన్ ఆకారపు కిరణంతో మొత్తం బొమ్మ తీసేస్తుంది. ఎముకకు సంబంధించినంతవరకు ఇది పెద్దాసుపత్రి సీటీకి తీసిపోదు, రేడియేషనూ సాధారణంగా తక్కువ. మెత్తటి కణజాలం తేడాలు మాత్రం ఇందులో తెలియవు.

వచ్చినవాళ్ళు "తలంతా వచ్చేలా తియ్యండి మేడమ్, మళ్ళీ మళ్ళీ రాలేం" అంటారు. వద్దు. సీబీసీటీలో ఎంత మేర బొమ్మ తీస్తామన్నది పెరిగేకొద్దీ సాధారణంగా బొమ్మలోని గడి పరిమాణమూ పెరుగుతుంది. కాండైల్ అడ్డంగా చూస్తే దాదాపు 2 సెంటీమీటర్లు, ముందు నుంచి వెనక్కి ఒక సెంటీమీటరు. దాని మీద అర మిల్లీమీటరు కొరుకుడు గుంటను వెతుకుతూ 0.4 మిల్లీమీటరు గడి వాడితే ఆ గుంట పక్క ఎముకలో కలిసిపోవచ్చు. 0.2కు తగ్గిస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. రేడియేషన్ కూడా చిన్న బొమ్మకు కొన్ని పదుల మైక్రోసీవర్టులైతే పెద్ద బొమ్మకు వందల్లోకి పోతుంది. మనమందరం నేల నుంచీ ఆకాశం నుంచీ ఏడాదికి సగటున 2,400 మైక్రోసీవర్టులు తీసుకుంటూనే ఉంటాం కాబట్టి భయపడాల్సిన సంగతి కాదు. అయినా అక్కర్లేనిది ఎందుకు?

పెద్దాసుపత్రిలో తీసేదైతే ఇంకో జాగ్రత్త. బండి మీద నుంచి పడితే తలకు సీటీ తీస్తారు. మెదడులో రక్తం లేదని చెప్పడానికి మందపాటి పొరలు చాలు. ఆ మందపు పొరల్లో కాండైల్ పగులు జారిపోవచ్చు. మా దూరపు చుట్టం ఒకాయనకు అలాగే జరిగింది. తల సీటీ నార్మల్ అన్నారు, ఇంటికొచ్చేశాడు, రెండు వారాలైనా అన్నం ముద్ద నమల్లేకపోతున్నాడు. గడ్డం కింద కుట్లున్నాయి. గడ్డానికి దెబ్బ తగిలితే కాండైల్ మెడ దగ్గర విరగొచ్చని ఎవరికీ గుర్తు రాలేదు. "దవడ కీలు కోసం మిల్లీమీటరుకన్నా పల్చటి పొరలు, ఎముక సెట్టింగులో" అని చీటీ మీద రాయించుకోండి. కాండైల్ నేరుగా అడ్డంగా ఉండదు, లోపలి కొస కాస్త వెనక్కి తిరిగి ఉంటుంది. ఆ వాలుకు తగ్గట్టు పొరలు కోసి చూపించమని కూడా రాయించుకుంటే మరీ మంచిది.

మన ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మిగతా ఒంటి నగలు ఎక్కడున్నా కమ్మలు, జుంకాలు, చెంపసవరాలు సరిగ్గా ఆ కీలు పక్కనే వేలాడతాయి. లోహం నుంచి బొమ్మలో తెల్లటి గీతలు చీల్చుకుపోతాయి, కాండైల్ మీద నుంచే. కొత్తగా కుట్టించుకున్న చెవైతే పూడిపోతుందని తియ్యనివ్వరు. వేపపుల్లో నైలాను దారమో పెట్టుకుని రండి, కానీ తీసి రండి. జడలో పిన్నులు, వినికిడి మిషను, తీసి పెట్టుకునే పళ్ళసెట్టు కూడా. మిషను తిరిగేంతసేపు, మిషనును బట్టి పది నుంచి నలభై సెకన్లు, గుటక కూడా వెయ్యకండి. కదిలితే ఎముక అంచు రెండు గీతలుగా వస్తుంది, ఆ రెండో గీతను చూసి ఎవరైనా జబ్బనుకోవచ్చు.

ఫిల్ము తీసుకోకండి, సీడీ తీసుకోండి

పెద్ద కవరులో నల్లటి ఫిల్ము చేతికొస్తే స్కానింగు చేయించుకున్న తృప్తి ఉంటుంది. నాకు ఆ ఫిల్ము వద్దు. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో 30 పుర్రెల నుంచి 37 కీళ్ళను తీసుకుని, కాండైల్ మీద కొరుకుడు గుంట ఉందా లేదా కనిపెట్టమన్నారు. గుడ్డిగా చెప్పినా 0.5 వచ్చే కొలత మీద మామూలు ఓపీజీకి 0.64 వచ్చింది. సీబీసీటీ నుంచి ఎంచి పెట్టిన కదలని బొమ్మలు చూస్తే 0.77. అదే సీబీసీటీని కంప్యూటరులో తామే పైకీ కిందికీ తిప్పుకుంటూ చూస్తే 0.95. మిషను ఒకటే, పుర్రె ఒకటే, చూసే కళ్ళూ అవే. చేత్తో తిప్పి చూడటంలో ఉంది ఆ తేడా అంతా. నా ఉద్యోగ జీవితంలో నేను చదివిన లెక్కల్లో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైంది ఇదే. కౌంటరులో ఫిల్ము బదులు సీడీయో పెన్‌డ్రైవో ఇమ్మని అడగండి.

ఏమీ లేదంటే కొంచెం తగ్గించి నమ్మండి. ఉందంటే ఏముందో అడగండి

చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరే మనిషిని ఊహించుకోండి. రెండు విషయాలు చూడాలి. పది రాళ్ళుంటే ఎన్ని ఏరింది? రాయనుకుని ఎన్ని గింజలు పారేసింది? ఒకటి బాగా చేసేవాళ్ళు రెండోది బాగా చేస్తారని లేదు. 2006లో ఒక పరిశోధక బృందం, చనిపోయినవారి 21 కీళ్ళను సీబీసీటీ తీసి, తర్వాత కీలు తెరిచి ఎముకను కళ్ళతో చూసి పోల్చింది. ఎముక చెడిన కీళ్ళలో సీబీసీటీ 80 శాతాన్ని పట్టుకుంది. పెద్దాసుపత్రుల్లో ఉండే స్పైరల్ సీటీ 70 శాతాన్ని. బాగున్న కీలును చెడిందని రెండూ ఒక్కసారి కూడా అనలేదు. బియ్యం భాషలో, గింజ ఒక్కటీ పారెయ్యలేదు, రాళ్ళు మాత్రం పదింట్లో రెండు మూడు చేటలో ఉండిపోయాయి.

అందుకే ‘నార్మల్’ అని రాసి ఉంటే నేను పూర్తిగా ఊపిరి పీల్చుకోను. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో, పిల్లల్లో వచ్చే కీళ్ళవాతంలో మరీ, కీలు పొర వాచి చాలాకాలమయ్యాక గానీ ఎముక కొరుక్కుపోదు. ఆ మొదటి రోజుల్లో సీటీకి చూపించడానికి ఏమీ ఉండదు, రంగుమందు ఎక్కించి తీసే ఎమ్మారైలో కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఆ పరిశోధనలోని కీళ్ళు చనిపోయినవారివి, అవి కదలవు, గుటక వెయ్యవు. బతికున్న మనిషి నుంచి అంత శుభ్రమైన బొమ్మ రాదు.

‘ఉంది’ అన్నప్పుడు ఏముందన్నది ముఖ్యం. ఎముక అంచు కొరికేసినట్టు తెగిపోవడం, అంచు కింద గుల్లలాంటి గూడు, పక్షి ముక్కులా ఎముక పెరగడం, కాండైల్ మొత్తం తెల్లగా గట్టిపడటం: ఈ నాలుగింటిలో ఏదో ఒకటైనా ఉంటేనే నేను ముందు చెప్పిన నిర్ధారణ పద్ధతి దాన్ని అరుగుడు జబ్బుగా లెక్కేస్తుంది. కాండైల్ చదునుగా ఉంది, అంచు కింద కాస్త తెల్లబడింది అని మాత్రమే రాస్తే అది జబ్బు కాకపోవచ్చు. వయసుకో, నమిలే తీరుకో ఎముక సర్దుకుని ఉండొచ్చు. కాండైల్ నడినెత్తిన పాపిడి తీసినట్టు రెండుగా ఉన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో చాలామందికి ఏ బాధా ఉండదు. రిపోర్టులో పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలుంటే, ఆ నాలుగింటిలో ఏది మేడమ్ అని అడగండి.

నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పాలి. పని మొదలుపెట్టిన రెండో ఏడు, పళ్ళకు క్లిప్పులు వేయించుకుంటున్న 17 ఏళ్ళ అబ్బాయి సీబీసీటీ చదివాను. రెండు కాండైళ్ళ మీదా తెల్లటి అంచు గీత తెగి తెగి ఉంది. ‘రెండు వైపులా ఎముక కొరుక్కుపోతోంది’ అని రాశాను. క్లిప్పులు ఆపేశారు. తండ్రి సెలవు పెట్టి కీళ్ళవాతం డాక్టర్ల చుట్టూ తిరిగాడు, రక్తపరీక్షలన్నీ చేయించాడు. మా సార్ ఆ బొమ్మ చూసి ఒకే ప్రశ్న అడిగారు: "వయసు చూశావా అమ్మా?" కాండైల్ మీద ఆ గట్టి తెల్ల గీత పూర్తిగా ఏర్పడేసరికి 21, 22 ఏళ్ళు వస్తాయి. నేను జబ్బనుకున్నది ఇంకా పూర్తికాని ఎముక. ఆ తండ్రికి ఫోను చేసి చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా బరువుగా ఉంది నాకు. అప్పటి నుంచి బొమ్మ తెరిచేముందు పుట్టిన తేదీ చదువుతాను.

రెండో డాక్టరుకు మొదటి రిపోర్టు చూపించకండి

దీనికే తోటివాళ్ళు నాతో గొడవపడతారు. రోగి దగ్గరున్న కాగితాలన్నీ ఇవ్వాలి కదా అంటారు. ఇవ్వాలి, కాని తర్వాత. మొదటి రిపోర్టులో ‘కొరుకుడు గుంట’ అని చదివిన కన్ను ఆ గుంట కోసమే వెతుకుతుంది, లేకపోయినా కనిపిస్తుంది. ఆ 724 మంది పరిశోధనలో ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండా చదివారు కాబట్టే 0.71 అన్న అంకెకు విలువ. మీరూ అదే చెయ్యండి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, దెబ్బ తగిలిందా, ఒంట్లో వేరే కీళ్ళు నొస్తున్నాయా, ఇవన్నీ చెప్పి సీడీ చేతిలో పెట్టండి. రిపోర్టు మాత్రం సంచిలో ఉంచండి. ఆయన చెప్పాల్సింది చెప్పాక బయటికి తియ్యండి. ఇద్దరి మాటా కలిస్తే మంచిది. కలవకపోతే ఇద్దరూ మళ్ళీ చూస్తారు, మీకు జరగాల్సిన మేలు ఆ రెండో చూపులోనే జరుగుతుంది. దవడ కీలుకు ఆపరేషన్ మాట వచ్చిన ప్రతివారూ ఈ పని చెయ్యాలని నా పట్టుదల.

అరిగిందంటే బాగుచేయించకండి

మా పెద్దమ్మకు 78 ఏళ్ళు. కింది పళ్ళకు ఇంప్లాంట్లు పెట్టించాలని సీబీసీటీ తీస్తే, అడగకుండానే ఎడమ కాండైల్ బొమ్మలో పడింది. చదునైపోయి, ముందుకు ముక్కులా పెరిగి, కింద గుల్లలతో పాఠ్యపుస్తకంలో వేసుకోదగ్గట్టు ఉంది. "ఎప్పుడైనా నొప్పి పెట్టిందా పెద్దమ్మా?" అంటే, "ఏ దవడే?" అంది. ఆవిడ ఉన్న పళ్ళతోనే చేగోడీలు తింటుంది.

ఎముక ఎంత చెడిందన్నదానికీ మనిషి ఎంత నొప్పి పడుతున్నాడన్నదానికీ ఉన్న బంధం చాలా బలహీనం. దవడ కీలులో ఇది మళ్ళీ మళ్ళీ తేలిన విషయం. 724 మంది పరిశోధనలోని సుమారు 400 మందిని దాదాపు 8 ఏళ్ళ తర్వాత మళ్ళీ స్కాన్ చేస్తే ఎక్కువ కీళ్ళు మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అరుగుదల అనగానే రోజురోజుకూ కరిగిపోతుందనుకోవడం సరికాదు.

ఎముకనో పళ్ళనో చూసి నొప్పికి మూలం దొరికిందనుకునే తొందర ఈనాటిది కాదు. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు 11 మంది రోగుల గురించి రాశాడు. చెవి దిబ్బడ, చెవి నొప్పి, తల తిరగడం. పళ్ళు ఊడి దవడ పైకి కూరుకుపోయి నరాలను నొక్కుతోందని ఆయన వివరణ. చాలా ఏళ్ళు ఆ పేరుతోనే ఈ జబ్బును పిలిచారు, పళ్ళ ఎత్తు పెంచి నయం చెయ్యాలని చూశారు. నరాలు నొక్కుకోవడం అన్న ఆ వివరణ తర్వాత శరీరనిర్మాణం చదివినవాళ్ళ పరీక్షకు నిలవలేదు. కాని కాటు అరగదీసి సరిచేస్తే కీలు నొప్పి పోతుందన్న ఆశ మాత్రం ఇంకా పళ్ళ కుర్చీల దగ్గర తిరుగుతూనే ఉంది. సీటీలో ముక్కులా పెరిగిన ఎముక చూపించి, నోట్లోని బాగున్న పళ్ళన్నిటికీ క్యాపులు వెయ్యాలని ఎవరైనా అంటే, దయచేసి ఆ రోజు ఒప్పుకోకండి. అరిగిన పన్ను మళ్ళీ రాదు. వైద్యం చెయ్యాల్సింది మీ నొప్పికి, మీ నోరు తెరుచుకోకపోవడానికి. బొమ్మకు కాదు.

పాత సీడీ పారెయ్యకండి

దీంట్లో తలకిందులైనదేమీ లేదు, కాని అన్నిటికన్నా ఎక్కువమంది తప్పేది ఇదే. ఒక బొమ్మ ఆ రోజు ఎముక ఎలా ఉందో చెబుతుంది. చెడుతోందా, చెడి ఆగిపోయిందా అన్నది చెప్పదు. కొరుకుడు గుంటకు అంచు మళ్ళీ తెల్లగా గట్టిపడితే ఆగిందని ఊహించవచ్చు, అంతే. తెలియాలంటే రెండు బొమ్మలు కావాలి, వీలైతే ఒకే మిషను మీద, ఒకే గడి పరిమాణంతో, పళ్ళు కలిపి తీసినవి. సీడీ మీద తేదీ రాసి, ఇంట్లో దస్తావేజులు పెట్టే చోటే పెట్టండి. ఒక ప్రతి ఫోన్లోకో కంప్యూటరులోకో ఎక్కించండి. ఇప్పటి లాప్‌టాపులకు సీడీ పెట్టే చోటే ఉండటం లేదు.

మొన్న సంక్రాంతి తర్వాత ఒక 22 ఏళ్ళ అమ్మాయి వచ్చింది. రెండేళ్ళుగా ముందు పళ్ళు మెల్లగా దూరమయ్యాయి. దారం కొరకడం రావడం లేదని, బజ్జీ కొరికితే సగం తెగకుండా ఉండిపోతోందని తనే గమనించింది. నొప్పి లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి కాటు మార్పు వెనక రెండు కాండైళ్ళూ కరిగిపోతూ ఉండొచ్చు, ఈ వయసు ఆడపిల్లల్లోనే అది ఎక్కువ. ఆమెను కూర్చోబెట్టి కమ్మలు తీయించి అప్పటికప్పుడు బొమ్మ తీశాను. రెండూ పొట్టివైపోయి ఉన్నాయి. "ఇంతకుముందు ఎప్పుడైనా తీయించావా అమ్మా?" అంటే, మూడేళ్ళ కిందట జ్ఞానదంతం కోసం పెద్ద బొమ్మ తీశారని, చెవుల దాకా వచ్చిందని చెప్పింది. ఇల్లు మారేటప్పుడు ఆ సీడీ పోయిందట. తీసిన సెంటరుకు ఫోను చేశాం. ఏడాది దాటినవి మేం ఉంచుకోం అన్నారు. ఆ రోజు తీసిన బొమ్మ మీద ‘మొదటిది’ అని రాసి తేదీ వేసి, పోల్చి చూసే లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాం.